కోలో వంశం పెరిగింది, మరి అడవిలో?

సంపాదకులకు నమస్కారం.

ఏదో ఒక దేశంలో జూలో గొరిల్లా పిల్ల పుడుతుంది. పత్రికల్లో ముచ్చటైన ఫోటో వస్తుంది, కింద 'అంతరించిపోతున్న జాతికి ఊపిరి' అని రాస్తారు. ఆ 'ఊపిరి' అన్న మాటతోనే నాకు పేచీ.

జూలో పుట్టిన మొట్టమొదటి గొరిల్లా పేరు కోలో. 1956 డిసెంబరు 22న అమెరికాలోని కొలంబస్ జూలో పుట్టింది. ఉమ్మనీటి సంచిలోనే నేల మీద పడి ఉన్న పిల్లను అక్కడ పనిచేసే కుర్రాడు చూసి, సంచి చించి, నోట్లో ఊపిరి ఊది బతికించాడు. ఆ తర్వాత తల్లికి ఇవ్వకుండా, గౌన్లు తొడిగి మనిషి బిడ్డలా పెంచారు. 2017 జనవరిలో 60 ఏళ్ల వయసులో అదే జూలో కన్నుమూసింది. అప్పటికి దానికి మునిమనవల పిల్లలు కూడా ఉన్నారు. అడవి మొహం మాత్రం ఒక్కరోజూ చూడలేదు.

అటు రువాండా, ఉగాండా, కాంగో సరిహద్దుల్లోని కొండ గొరిల్లాల సంగతి చూడండి. జూలలో వాటిని పెంచడమే లేదు. 1980ల మొదట్లో విరుంగా కొండల్లో 250 వరకే మిగిలాయి. ఇప్పుడు అన్నిచోట్లా కలిపి వెయ్యి దాటాయి. గార్డులు ప్రాణాలకు తెగించి కాపలా కాశారు. ఉచ్చుల్లో చిక్కిన వాటికి డాక్టర్లు అడవిలోకే వెళ్లి వైద్యం చేశారు. టూరిస్టులు కట్టిన డబ్బులో చుట్టుపక్కల ఊళ్లకూ వాటా ఇచ్చారు.

జూలలో పెంచడం ఎప్పుడూ దండగని నేను అనను. హైదరాబాద్ జూలో పెంచిన మూషిక జింకలను మా పక్కనే ఉన్న అమ్రాబాద్ అడవిలో వదిలారు, అది మంచి పని. కానీ గొరిల్లా జింక కాదు. పిల్ల మూడు నాలుగేళ్లు తల్లిని అంటిపెట్టుకునే ఉంటుంది. ఏ ఆకు తినాలో, దేనికి భయపడాలో తల్లినీ గుంపునూ చూసే నేర్చుకుంటుంది. గాజు గోడ వెనక పెరిగినదానికి అవన్నీ ఎవరు నేర్పాలి? గాబన్, కాంగోల్లో కొన్నిటిని అడవికి పంపి చూశారు. అవి చాలా కొద్ది.

జూలలో ఉండేవి దాదాపు అన్నీ పశ్చిమ లోతట్టు గొరిల్లాలే. వాటి సొంత అడవుల్లో మాంసం కోసం వేట ఆగలేదు, ఎబోలా వేలల్లో చంపింది, కలప కోసం వేసిన రోడ్ల మీదుగా వేటగాళ్లు లోపలిదాకా వెళ్తున్నారు.

అందుకే మీకు నా విన్నపం. ఈసారి అలాంటి ఫోటో వేసేటప్పుడు, ఆ జూ టికెట్ల డబ్బులో ఆఫ్రికా అడవుల కాపలాకు ఎంత పంపుతోందో కూడా అడిగి రాయండి.

– ఒక పాఠకుడు, అచ్చంపేట