ప్రైమరీలో అభ్యర్థులు ఎక్కువైతే నష్టపోయేది ఓటరే

సంపాదకుడు గారికి,

అమెరికా అధ్యక్ష ప్రైమరీల్లో, అంటే పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, ఎంత ఎక్కువమంది దిగితే ఓటరుకు అంత మంచిదని చాలామంది అంటుంటారు, నేను ఒప్పుకోను. 2016 రిపబ్లికన్ పోటీలో పేరున్నవాళ్లే 17 మంది. తొలి డిబేట్‌కి స్టేజీ చాలక, సర్వేల్లో ముందున్న పదిమందిని రాత్రికి ఉంచి మిగతా ఏడుగురిని సాయంత్రమే మాట్లాడించి పంపేశారు. రెండు గంటల్లో పదిమంది! పన్నుల గురించో ఆరోగ్య బీమా గురించో వివరంగా చెప్పాలనుకునేవాళ్లకి టైమ్ ఎక్కడిది, గట్టిగా అరిచినవాళ్లే మర్నాడు టీవీల్లో కనిపిస్తారు.

అసలు నష్టం ఓట్ల లెక్కలో ఉంది. సౌత్ కరోలినాలో ట్రంప్‌కి వచ్చింది 32.5 శాతం, రూబియో, క్రూజ్ చెరో 22 శాతం పైనే తెచ్చుకున్నారు, అయినా అక్కడి రూల్స్ ప్రకారం మొత్తం 50 మంది డెలిగేట్లూ (పార్టీ అభ్యర్థిని ఖాయం చేసే సభలో ఓటేసే ప్రతినిధులు) ట్రంప్‌కే వెళ్లారు. దాదాపు మూడింట రెండొంతుల మంది వేరేవాళ్లకు ఓటేసినా ఓట్లు చీలిపోయి వాళ్లకు ఒక్క డెలిగేటూ దక్కలేదు. ఓట్లు చీలడమంటే ఏంటో మన ఊళ్లల్లో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

2020లో అలాస్కా, వ్యోమింగ్ డెమోక్రాట్లు మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని వరుసగా ఓటేయనిచ్చారు; మనం మెచ్చిన మనిషి వెనకబడితే ఆ ఓటు తర్వాతి పేరుకి వెళ్తుంది. రెండు పార్టీలూ ఈ పద్ధతిని అన్ని రాష్ట్రాల్లోనూ పెట్టాలి, అదీ 2028 ప్రైమరీలు మొదలయ్యే లోపే.

ఒక పాఠకుడు, డల్లాస్