పంచనామా దగ్గర కెమెరా ఆపొద్దు

పోలీసులు సోదాను వీడియో తీస్తూ, పంచనామాపై (సోదాలో ఏం దొరికిందో సాక్షుల ముందు రాసే కాగితంపై) సంతకాల వేళకు కెమెరా కట్టేయడం చట్టవిరుద్ధం. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నేర విచారణ పద్ధతుల చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా రాయడం, దానిపై సాక్షులు సంతకం పెట్టడం కూడా రికార్డు కావాలి. ఆ రికార్డింగు ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు చేరాలి. మహారాష్ట్ర సరిహద్దులోని మా వైపు ఈమధ్య ఒక ఇంటి సోదాకు నన్ను పంచ్ సాక్షిగా పిలిచారు. బీరువా, ట్రంకు పెట్టె, చివరికి బియ్యం డ్రమ్ము కూడా ఫోన్‌లో తీశారు. మరాఠీలో రాసిన కాగితం మా ముందుకు వచ్చేసరికి ఫోన్ జేబులోకి వెళ్లింది. నాకు మరాఠీ చదవడం వచ్చు. నా పక్కన వేలిముద్ర వేసిన పెద్దాయనకు తెలుగు తప్ప మరో భాష రాదు. నేను గట్టిగా అడిగితే గానీ అందులో ఏముందో ఆయనకు చెప్పలేదు. రేపు కోర్టు బోనులో ఆ కాగితానికి జవాబు చెప్పాల్సింది ఆయనే కదా! ఇక సాక్షుల వాంగ్మూలాలకు వీడియో తీయాలా వద్దా అన్నది 180వ సెక్షన్ పోలీసుల ఇష్టానికే వదిలింది. తెలుగు, గోండి మాట్లాడే సిరొంచ లాంటి తాలూకాల్లో దాన్ని తప్పనిసరి చేస్తూ మహారాష్ట్ర హోంశాఖ ఉత్తర్వు ఇవ్వాలి. పంచనామాను సాక్షికి తెలిసిన భాషలో చదివి వినిపించడం, ఆయన సరేనన్నాకే వేలిముద్ర తీసుకోవడం కెమెరా ముందే జరగాలి.

— ఒక పాఠకుడు, గడ్చిరోలి జిల్లా