భాకరాపేట ఘాట్‌లో మమ్మల్ని ఆదుకున్నవాళ్లకు

ఇంటికొచ్చి పది రోజులైంది. కారు బాగైంది, పిల్లలు కులాసాగా ఉన్నారు, పాపకు బడి కూడా మొదలైంది. చెప్పాల్సిన మాట ఒకటి మాత్రం మిగిలిపోయింది. జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం తిరుపతి నుంచి పీలేరు పోయే దారిలో, భాకరాపేట ఘాట్‌లో పొగలు కక్కుతూ ఆగిపోయిన తెల్ల కారు మాదే. ఆ రోజు మాకు సాయం చేసినవాళ్లలో ఒక్కరి పేరూ అడగలేదు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మేం ఉండేది హైదరాబాద్‌లో. నా పుట్టిల్లు తిరుపతి. మా చిన్నోడికి ఏడాది నిండకముందే కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలని మొక్కు. పాపకు ఆరేళ్లు. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని అంత దూరం కార్లో ఏంటని మా అత్తగారు వద్దంటూనే ఉన్నారు. పై ఇంటి ఆంటీ మాత్రం ధైర్యం చెప్పారు. "తెల్లారుజామున నాలుక్కి బయల్దేరండి, ఎలాగూ పడుకునే ఉంటారు. రెండు గంటలకోసారి ఆపండి. వాళ్లు ఏడ్చాక కాదు, ఏడవకముందే." మొదటి కృతజ్ఞతలు ఆంటీకే. కర్నూలులో టిఫిన్, నంద్యాల మీదుగా కడప చేరి రాత్రికి అక్కడే ఉండిపోయాం. మర్నాడు ఒంటిమిట్ట గుడిలో పాప మండపం స్తంభాల చుట్టూ అలిసిపోయేదాకా పరుగెత్తింది. ఆ తర్వాత తిరుపతి దాకా నిద్రే. కొండ మీద కల్యాణకట్టలో చిన్నోడు గుండుకి ఏడవలేదు కానీ, అయ్యాక అద్దంలో చూసుకుని ఏడ్చాడు.

కష్టమంతా తిరుగు ప్రయాణంలోనే. పీలేరులో మా ఆయన మేనత్తను చూసి, రాయచోటి మీదుగా కడపకు పోదామనుకున్నాం. మా నాన్న డిక్కీ నిండా మామిడికాయల బుట్టలు సర్దారు. ఎండ మండిపోతోంది, ఏసీ ఫుల్లు, కారు నిండా బరువు, పైగా ఎక్కుడు దారి. రంగంపేట దాటి ఘాట్ ఎక్కుతుంటే వెనక సీట్లో పాప ఫోన్‌లో బొమ్మలు చూస్తోంది. చూపు ఫోన్ మీద, ఒళ్లేమో ప్రతి మలుపుకీ ఊగుతోంది. ఫోన్ లాక్కునేలోపే వాంతి. ఐదు నిమిషాలకు మళ్లీ. నేను వెనక్కి తిరిగి తుడుస్తుంటే మా ఆయన "అయ్యో, టెంపరేచర్ ముల్లు పైకెళ్లిపోయింది" అన్నారు. బానెట్ సందుల్లోంచి ఆవిరి.

ఆ ఘాట్ అంటేనే నాకు భయం. 2022 మార్చిలో నిశ్చితార్థానికి తిరుపతి వస్తున్న ధర్మవరం వాళ్ల బస్సు లోయలో పడింది ఇక్కడే. మలుపు దాటిన వెంటనే మా బండి ఆగింది. వెనక నుంచి వచ్చేవాళ్లకు మేం కనబడం.

మా ఆయన బానెట్ ఎత్తి, చేతికి టవల్ చుట్టుకుని రేడియేటర్ మూత తీయబోయారు. అప్పుడు వినబడింది ఆ కేక. "మూత మీద చెయ్యెయ్యొద్దు సామీ! మొహం కాలిపోతాది!"

తిరుపతిలో మామిడికాయ దించేసి ఖాళీ ట్రేలతో పోతున్న లారీ అది. డ్రైవర్ అన్న దిగకముందే క్లీనర్ కుర్రాడు దూకి మా చక్రాల వెనక రాళ్లు పెట్టాడు. రెండు కొమ్మలు విరుచుకొచ్చి మలుపుకి అవతల రోడ్డు మీద పరిచాడు. మా బండిలో ఎర్ర త్రికోణం ఉంది, డిక్కీలో మామిడి బుట్టల కింద. అది అక్కడ ఉండి ఏం లాభం?

ముప్పావు గంట చల్లారనిచ్చారు. పైపు క్లిప్పు దగ్గర కారుతోందని కనిపెట్టింది కుర్రాడే. సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. బయల్దేరే ముందే బండి సర్వీసుకిచ్చాం, అన్నీ చూశామన్నారు. ఈ క్లిప్పు ఎవరికీ కనబడలేదు కాబోలు. నీళ్లు పోశాక అన్న మా ఆయనతో "ఏసీ ఆపేసి హీటర్ ఫుల్లుగా పెట్టు సామీ. ఇంజన్ యేడి లోపలికి లాగేస్తాది" అన్నాడు. జూన్ ఎండలో హీటర్! నావైపు తిరిగి, "బిడ్డలు వాడిపోతాండారు, మన బండెక్కండమ్మా. పొద్దుపోతే ఈ అడవిలో ఏనుగుల భయం" అన్నాడు.

ముక్కూమొహం తెలియని వాళ్ల లారీ ఎక్కడానికి ఒక్క క్షణం వెనకాడాను. ఎక్కాక పాపను కిటికీ పక్కన కూర్చోబెట్టి "దూరంగా కొండ చూడు నాయనా, కడుపులో తిప్పదు" అన్నాడు. మళ్లీ వాంతి కాలేదు. ముందు మా ఆయన, చెమటతో తడిసి ముద్దైపోతూ. వెనక మేం, లారీలో రాణుల్లా.

భాకరాపేటలో టిఫిన్ బంకు పక్కన దించి, మెకానిక్‌కి ఫోన్ చేసి పిలిపించి మరీ వెళ్లారు. డబ్బు ఇవ్వబోతే అన్న నవ్వి ఊరుకున్నాడు. మామిడికాయలు ఇస్తే ఇంకా గట్టిగా నవ్వాడు. మామిడి లారీ అన్నకు మామిడికాయలు!

ఇక బంకు అవ్వ. నేను అడగకముందే చింతచెట్టు కొమ్మకు పాత చీరతో ఉయ్యాల కట్టి చిన్నోడిని పడుకోబెట్టింది. పాప మైల బట్టలు నా చేతిలోంచి లాక్కుని పిండి ఆరేసింది. మందుల షాపు నుంచి తెచ్చిన ఓఆర్ఎస్ పొడి నేను గ్లాసులో కొంచెం వేయబోతుంటే, ఆ షాపాయన వెనకే వచ్చి ఆపాడు. "ప్యాకెట్టంతా ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలమ్మా. చిటికెడు చిటికెడు వేస్తే ఉప్పు పాళ్లు తప్పుతాయి." ఆ తర్వాత చెంచాతో, నిమిషానికొకటి. ఒకేసారి తాగిస్తే కక్కేస్తారట. గంటకి పాప లేచి బొరుగులు అడిగింది. అవ్వ మొహం చూడాలి అప్పుడు.

మెకానిక్ తమ్ముడు కొత్త క్లిప్పు వేసి, కూలెంట్ పోసి, సామాన్ల డబ్బులకు పైన మూడు వందలే తీసుకున్నాడు. ఇంకో వంద ఇస్తే పాప చేతిలో పెట్టేశాడు.

ఆ రాత్రి పీలేరులో అత్త ఇంట్లోనే ఆగిపోయాం. కడప దాకా తోసుకుపోదామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

లారీ నంబరు చూసుకోలేదు. పాపకు మాత్రం వెనక తలుపు మీద ఆకుపచ్చ రామచిలుక బొమ్మ ఉందని గుర్తు. ఇప్పటికి నాలుగు సార్లు గీసింది, ప్రతిసారీ చిలుక లారీ కంటే పెద్దది. భాకరాపేట వాళ్లెవరైనా ఇది చదివితే అవ్వకు ఒక మాట చెప్పండి. పాపకు నీళ్లు తాగించిన ఆమె స్టీలు గ్లాసు మా సంచిలో వచ్చేసింది. దసరాకి తిరుపతి వస్తున్నాం, ఆ దారినే వచ్చి ఇచ్చేస్తాం.