టీచరుగారు లేని ఏడాది: సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు ఆడిట్ అయ్యాయి, కోశాధికారిగారు విడిగా చదువుతారు. గ్రంథాలయం బీరువాలకు చెదలు పడితే మందు కొట్టించాం. ఇక ఈ నివేదికంతా మనకు బొమ్మలు నేర్పిన టీచరుగారి గురించే. ఏడాదిలో మిగతా పనులన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ముందుగా కార్యవర్గం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. సంతాపసభ రోజు ఆవిడ నీటిరంగుల బొమ్మలను హాలులో పడమటి కిటికీకి ఎదురుగా తగిలించాం. సభ అయ్యాక దించాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. వేసవంతా ఎండ వాటిమీదే పడింది. వాళ్లమ్మాయి వచ్చి చూసి ఒక్క మాట కూడా అనలేదు. ఒక బొమ్మను ఫ్రేములోంచి తీసి, అంచు కింద దాగిన వేలెడు మేర చూపించారు. అక్కడ సాయంకాలపు ఆకాశం ఇంకా ఎర్రగానే ఉంది. ఎండ తగిలినచోట వెలిసి బూడిదరంగుకు తిరిగింది. అలిజరిన్ క్రిమ్సన్ అనే ఆ ఎరుపు వెలుతురుకు ఆగదట. పక్కనే ఉన్న అల్ట్రామెరీన్ నీలం మాత్రం చెక్కుచెదరలేదు. కాగితం మీది నీటిరంగులకు మ్యూజియంలలో వెలుతురు మామూలుగా 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటనివ్వరు. మన కిటికీ ఎండ వేల లక్స్‌లలో ఉంటుంది. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది.

ఆ తరువాత బుద్ధి తెచ్చుకుని పని మొదలుపెట్టాం. బొమ్మలన్నీ ఫ్రేముల్లోంచి తీశాం. వెనక పెట్టిన చవక అట్టలు గోధుమరంగుకు తిరిగి, ఆ మరక కాగితాలకూ ఎక్కింది. ఎవరో అంటించిన సెల్లోటేపు జిగురు లోపలికి ఇంకిపోయింది, దాన్ని కదపలేదు. అన్నిటినీ 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేసి, మధ్యమధ్య ఆమ్లం లేని కాగితం పరిచి, పెట్టెలో పడుకోబెట్టాం. బొమ్మల వెనక ఆవిడ తేదీలు పెన్సిల్‌తోనే రాసేవారు. సిరా అయితే ఇవతలికి ఊరుతుంది కదా. ఒకదాని వెనక తేదీతోపాటు, ఆకాశం ఆరకముందే కొండ వేసినందుకు తనను తానే తిట్టుకున్నారు!

పెట్టెలో కొన్ని చిన్నపిల్లల బొమ్మలు కూడా దొరికాయి. వాళ్లమ్మాయి చిన్నప్పుడు వేసినవి. వాటి వెనకా అదే పెన్సిల్, అవే తేదీలు. టీచరుగారు వేరే కట్ట కట్టలేదు, తన బొమ్మల మధ్యనే పెట్టుకున్నారు. విడదీయమంటారా అని అడిగితే వాళ్లమ్మాయి వద్దన్నారు. అలాగే ఉంచాం.

అయితే ఆవిడ చేతిపని అసలు ఆ పెట్టెలో లేదని నా అభిప్రాయం. పిల్లల కాగితం మీద ఆవిడ ఎన్నడూ పెన్సిల్ పెట్టలేదు. తప్పు చూపాలంటే పక్కన చిత్తుకాగితం మీద గీసి, దాన్ని మనకే ఇచ్చేసేవారు. నాకు కుర్చీ వేయడం రాక ఏడుపు మొహం పెడితే, కుర్చీ సంగతి వదిలేసి కాళ్ల మధ్య ఖాళీలు మాత్రమే గీయమన్నారు. ముందు ఆవిడ గీసి చూపించారు. ఆ చిత్తు మొన్న నా పాత లెక్కల పుస్తకంలో దొరికింది. మూడు ఖాళీలు, 2బి పెన్సిల్ గీతలు, ఒక్కచోట కూడా రబ్బరు తగల్లేదు. కుర్చీ గీయలేదు గానీ, కుర్చీ నిలబడే ఉంది.

ఇలాంటివి మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో! ట్రంకుపెట్టెలు, పాత నోటుపుస్తకాలు ఒకసారి తిరగేయండి. స్కాన్ చేసుకుని మీవి మీకే తిరిగిచ్చేస్తాం. మడత ఉంటే మడతతోనే, చిరుగు ఉంటే చిరుగుతోనే తెండి. టేపు వేయొద్దు, ఇస్త్రీ పెట్టొద్దు. లామినేషన్ మాత్రం దయచేసి చేయించకండి.

ఇట్లు,
కార్యదర్శి