గమ్మీల పొట్లం గురించి, మన ఇళ్ల గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన ఆదివారం మన తెలుగు బడి చిన్న తరగతిలో ఒక స్నాక్ డబ్బాలో గంజాయి గమ్మీల (గంజాయి కలిపిన, జెల్లీ మిఠాయిల్లాంటి వాటి) పొట్లం కనబడిన సంగతి ఈపాటికి అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. పొట్లం విప్పలేదు, ఎవరూ తినలేదు. ఇంటి ఫ్రిజ్‌లోంచి పొరపాటున వచ్చింది. ఎవరి పిల్లలని దయచేసి అడగకండి, చెప్పను.

"కొలరాడోలో చట్టం మార్చినప్పటి నుంచీ పిల్లలు పాడైపోతున్నారు" అన్న సందేశాలు చదివాను. లెక్కలు అలా చెప్పడం లేదు. పెద్దవాళ్లు గంజాయి వాడుకోవచ్చని 2012లో రాష్ట్ర ఓటర్లు ఒప్పుకున్నారు, 2014 జనవరి 1న దుకాణాలు తెరిచారు. రాష్ట్రం రెండేళ్లకోసారి హైస్కూలు పిల్లలను అడిగే సర్వేలో, గడిచిన నెలలో గంజాయి వాడామన్నవాళ్లు 2013లో నూటికి 20 మంది, 2019లో 21, 2021లో 13, 2023లోనూ 13. కోవిడ్ తర్వాత అమెరికా అంతటా తగ్గింది కాబట్టి ఆ ఘనత చట్టానికి ఇవ్వలేం. వాడే తీరు కూడా మారింది. పొగతో పాటు వేప్ (బ్యాటరీ గొట్టంతో ఆవిరి పీల్చడం), డాబ్ (గంజాయి నుంచి తీసిన చిక్కటి సారాన్ని వేడి చేసి పీల్చడం) వచ్చాయి. 1990లలో ఆకులో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ 4 శాతం దగ్గర ఉండేది. డాబ్ సరుకులో 60 శాతం దాటుతుంది.

అసలు భయపడాల్సింది పసివాళ్ల గురించి. గంజాయి తినుబండారాలు నోట్లో వేసుకున్న ఆరేళ్లలోపు పిల్లల గురించి దేశంలోని పాయిజన్ సెంటర్లకు (విషం తిన్నప్పుడు ఫోన్‌లో సలహా ఇచ్చేవి) 2017లో 207 ఫోన్లు వస్తే, 2021లో 3,054 వచ్చాయి. దాదాపు అన్నీ ఇళ్లలో జరిగినవే. పెద్దవాళ్లకు ఒక మోతాదు 10 మిల్లీగ్రాముల టీహెచ్‌సీ, పొట్లంలో 100 దాకా ఉండొచ్చు. పిల్లలు ఒకటి తిని ఆగరు. పైగా ప్రభావం అరగంట నుంచి రెండు గంటల తర్వాత గానీ తెలియదు. మత్తుగా తూలడం, వాంతులు, లేపినా లేవకపోవడం కనిపిస్తాయి. మీరుగా వాంతి చేయించకండి. పాయిజన్ సెంటర్‌కు, అంటే 1-800-222-1222కు, ఫోన్ చేయండి. లేవకపోయినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా 911. పొట్లం వెంట తీసుకెళ్లండి. పరువు పోతుందని డాక్టరు దగ్గర దాస్తే కారణం తెలియక సీటీ స్కాన్, వెన్నులో సూది దాకా వెళ్తారు.

కొలరాడోలో ప్రతి గమ్మీ మీదా ఆశ్చర్యార్థకం, టీహెచ్‌సీ అక్షరాలు ఉన్న ముద్ర ఉండాలి. 2017 నుంచి జంతువులు, పండ్ల ఆకారాలు నిషేధం. ఆ ముద్ర ఎలా ఉంటుందో పదో తరగతి అమ్మాయిలు ఇద్దరు తెలుగులోనే పెద్ద అట్ట మీద గీశారు. "ఇది మిఠాయి కాదు" అని గుండ్రటి అక్షరాలతో, ఒక్క ఒత్తు తప్పు లేకుండా! వరండాలో పెట్టాం, ఆగి చూడండి. ఆ చేతులను చూస్తే ఎంత గర్వంగా ఉందో.

అతిథులు తెచ్చినా, పెద్ద పిల్లలు తెచ్చినా, తాళం వేసే డబ్బా కొనండి. ఫ్రిజ్ పైఅరలో పెడితే తాళం వేసినట్టు కాదు. మరో మాట మర్యాదగానే చెబుతున్నాను: "మావాడు అలాంటివాడు కాదు" అనేవాళ్లే పిల్లలతో ఈ మాట ఎత్తడం లేదు. వారంలో ఒక్క పూటైనా ఫోన్లు పక్కన పెట్టి, అన్నం దగ్గర తెలుగులో మాట్లాడండి. మార్కుల గురించి కాదు, బడిలో ఎవరు ఏం వాడుతున్నారో, వాళ్లకేం అనిపిస్తోందో అడగండి. ఇబ్బందికరమైన మాటకు ఇంటి భాష లేకపోతే పిల్లలు ఆ మాటను బయట చెప్పుకుంటారు. నేను ఈ బడి నడిపేది పద్యాలు అప్పజెప్పించడానికి మాత్రమే కాదు, ఇందుకు!

వీసా, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లకు: గంజాయి 21 నిండినవాళ్లకు రాష్ట్రంలో నేరం కాకపోయినా ఫెడరల్ (కేంద్ర) చట్టంలో నేరమే. శిక్ష పడకపోయినా, వాడానని అధికారి ముందు ఒప్పుకున్నా చిక్కే. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చేది) మీద ఉన్న పిల్లలకు ఇది తెలియాలి.

సంక్రాంతి రిహార్సల్ వచ్చే ఆదివారం. పుస్తకాల డబ్బు ఇంకా బాకీ ఉన్నవాళ్లు ఇచ్చేయండి. మంచు పడితే ఉదయం 7కి మెసేజ్ వస్తుంది. పిల్లలను తీసుకెళ్లే వేళ 12:30, ఒంటిగంట కాదు.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు