జ్వరం లేని రోజుల్లో కూడా

అమ్మలూ,

"జ్వరం లేదు, దగ్గు తగ్గింది. ఇంకా రోజూ ఈ నెబ్యులైజర్ ఎందుకు నాన్నా?" అని మెసేజ్ పెట్టావు. అడగాల్సిన ప్రశ్నే. రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

మన శ్వాసనాళాల లోపలి గోడ మీద కణాలకు సన్నటి నూగులాగా సిలియా ఉంటాయి. ఒక్కో కణానికి దాదాపు రెండు వందలు. సెకనుకు పదిసార్లకు పైగా కదులుతూ, పైనున్న పల్చటి కఫం పొరను గొంతు వైపు నెడుతూ ఉంటాయి. లోపలికి పోయిన దుమ్మూ, బ్యాక్టీరియా ఆ కఫంతోనే బయటపడతాయి. బ్రాంకియెక్టాసిస్ వల్ల నీ నాళాలు కొన్నిచోట్ల వెడల్పయ్యాయి. అక్కడ కఫం కదలదు. నీ కఫం పరీక్షలో కనిపించిన సూడోమొనాస్ అనే బ్యాక్టీరియా అలా నిలిచిపోయిన చోటే కాపురం పెట్టింది.

మొదట్లో దానికి ఈదడానికి తోక ఉంటుంది. మన కణాలు ఆ తోకను ఇట్టే గుర్తుపట్టి తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. అదీ ఊరుకోదు, సూదిలాంటి అమరికతో విషపదార్థాలను నేరుగా మన కణాల్లోకి ఎక్కిస్తుంది. ఈ దశలో జ్వరం, ఆయాసం అన్నీ బయటికి తెలుస్తాయి.

ఏళ్లు గడిచేకొద్దీ పరిస్థితి మారిపోతుంది. తోక పోగొట్టుకున్నవి, ఆ సూదులు తయారు చేయడం మానేసినవి, పైపొరను మార్చుకున్నవి మన కణాల కంట అంతగా పడవు, అందుకని అవే ఎక్కువగా మిగులుతాయి. చుట్టూ జిగురు పొర కట్టుకుని గుంపుగా బతుకుతాయి. దాన్నే బయోఫిల్మ్ అంటారు. పళ్ల మీద పట్టే పాచి కూడా బయోఫిల్మే. లోపలి పొరల్లో ఆక్సిజన్ తక్కువ, అక్కడి బ్యాక్టీరియా పెరుగుదల చాలా నెమ్మది. చాలా యాంటీబయాటిక్స్ చురుగ్గా పెరిగేవాటి మీదే బాగా పనిచేస్తాయి. పరీక్షలో "ఈ మందుకు లొంగుతుంది" అని వచ్చినా నీ ఊపిరితిత్తుల్లోంచి అది పూర్తిగా పోకపోవడానికి ఇదొక కారణం.

నువ్వు బాగా అర్థం చేసుకోవాల్సింది ఇక్కడ నుంచే తల్లీ. అది నెమ్మదించినా మన తెల్ల కణాలు ఆగవు. న్యూట్రోఫిల్స్ అనేవి గుంపులుగా వస్తూనే ఉంటాయి. జిగురులో ఉన్నదాన్ని మింగలేక, తమలోని ఎలాస్టేజ్ అనే ఎంజైమును అక్కడే వదిలేస్తాయి. అది నాళాల గోడకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను కోస్తుంది, సిలియా కదలికను దెబ్బతీస్తుంది. చచ్చిన న్యూట్రోఫిల్స్ నుంచి బయటపడిన డీఎన్‌ఏ కఫాన్ని ఇంకా చిక్కగా చేస్తుంది. కఫం ఇంకా నిలుస్తుంది, నాళం ఇంకా వెడల్పవుతుంది. నీ కఫంలో పచ్చదనం కూడా చాలావరకు ఈ కణాల్లోని మరో ఎంజైము రంగే. ఇదంతా జరగడానికి జ్వరం రానక్కర్లేదు. నా భయమంతా అందుకే.

ఇప్పుడు డాక్టర్లు కూడా బ్యాక్టీరియాతో పాటు ఎలాస్టేజ్ లాంటి ఎంజైముల మీద గురిపెడుతున్నారు. న్యూట్రోఫిల్స్‌లో అవి చురుకవకుండా ఆపే బ్రెన్సోకాటిబ్ అనే మందుకు అమెరికాలో 2025లో బ్రాంకియెక్టాసిస్ కోసమే అనుమతి వచ్చింది. అది నీకు పనికొస్తుందో లేదో డాక్టరే చెప్పాలి. నువ్వు పంపిన వీడియోలో ఉన్న, డీఎన్‌ఏను కోసే మందు వేరు. జన్యులోపం వల్ల కఫం బాగా చిక్కబడే సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బు వాళ్లకు దాన్ని 1993 నుంచి వాడుతున్నారు. ఆ జబ్బు లేని బ్రాంకియెక్టాసిస్ వాళ్ల మీద పరీక్షిస్తే మేలు జరగకపోగా కొందరికి ఇబ్బంది పెరిగింది. దాని జోలికి వెళ్లకు.

రోజూ కఫం బయటికి తీస్తే బ్యాక్టీరియా, ఎలాస్టేజ్, డీఎన్‌ఏ మూడూ కలిసి బయటికి పోతాయి. అంత పని చేసే మాత్ర ఇంకా రాలేదు. అందుకే ముందు ఉప్పునీటి నెబ్యులైజర్, తర్వాత నేర్పించిన శ్వాస వ్యాయామం, కఫం పోయాకే పీల్చే యాంటీబయాటిక్. ఈ వరస మార్చకు. నిండా కఫం ఉన్న నాళంలోకి మందు సరిగ్గా చేరదు.

పరీక్షల టెన్షన్‌లో టైమ్ దొరకని రోజు వ్యాయామం కాస్త కుదించు, పూర్తిగా మాత్రం మానకు. రక్తం పడినా, ఆయాసం పెరిగినా, కఫం ఎక్కువై రంగు మారినా అదే రోజు డాక్టర్‌కు చెప్పి, తర్వాత నాకు ఫోన్ చెయ్యి. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే కఫం శాంపిల్ ఇవ్వు.

నాన్న