ఉపాధి పనిలో ఆడవాళ్లు నీళ్లెందుకు తాగడం లేదు?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

పల్నాడు నుంచి రాస్తున్నాను. రెంటచింతల ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆ ఎండలోనే మా ఆడవాళ్లు చెరువుల్లో పూడిక తీస్తారు, గడ్డపారలతో కందకాలు తవ్వుతారు. పని చోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. కొత్త హక్కేదీ అడగడం లేదు.

ఎండలో బరువు పని చేసే మనిషి పావుగంటకో ఇరవై నిమిషాలకో గ్లాసుడు నీళ్లు తాగాలి. దాహం వేసేదాకా ఆగితే అప్పటికే ఒంట్లో నీళ్లు తగ్గిపోయి ఉంటాయి. ఆ లెక్కన నాలుగు గంటల పనికి దాదాపు 3 లీటర్లు కావాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న లీటరు సీసా ఏ మూలకి?

టెంటు కింద డ్రమ్ము పెట్టిన చోట కూడా తాగని వాళ్లున్నారు. ఎంత తవ్వారో కొలిచి ఆ కొలతల మీదే కూలి ఇస్తారు కాబట్టి పని వదిలి అంత దూరం వెళ్లిరావడానికి మనసొప్పదు. అసలు కారణం మాత్రం వేరే ఉంది, దాన్ని దగ్గరుండి పని చేయించే మేట్‌కి చెప్పడానికి సిగ్గు. చెరువు మధ్యలో చెట్టు చాటు కూడా ఉండదు. మూత్రం వస్తే ఎక్కడికి వెళ్లాలి? అందుకని గొంతు తడుపుకుంటారే తప్ప కడుపునిండా తాగరు. సాయంత్రానికి మూత్రంలో మంట. "వేడి చేసిందిలే" అని సరిపెట్టుకుంటారు. నెలసరి రోజుల్లో వాళ్ల అవస్థ ఇంకా ఘోరం.

నాలుగు కర్రలు, చుట్టూ పరదా కడితే మరుగు తయారవుతుంది. దానికి పెద్ద ఖర్చేమీ కాదు. గునపం పట్టలేని ఒక పెద్దావిడకు హాజరు వేసే మస్టర్‌లో కూలి రాసి, బిందెతో వరసల్లో తిరుగుతూ నీళ్లిచ్చే పని అప్పగించండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో నీళ్లు పోయకూడదని, తడిగుడ్డలతో ఒళ్లు చల్లబరుస్తూ 108కి ఫోన్ చేయాలని మేట్‌లకు నేర్పించాలి. ఒకప్పుడు ఎండాకాలంలో కూలికి అదనంగా కలిపి ఇచ్చిన వేసవి భత్యం మళ్లీ ఇస్తే, కొలత కోసం నీళ్లు మానుకునే టెన్షన్ కొంతైనా తగ్గుతుంది.

ఎండలు ముదరకముందే ఆదేశాలివ్వండి. తనిఖీకి వచ్చే అధికారులు డ్రమ్ములో నీళ్లున్నాయా అని మేట్‌ని అడిగి వెళ్లిపోకుండా, మరుగు ఉందా అని ఆడవాళ్లను అడిగి రాసుకోవాలి.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక ఉపాధి కూలీ కూతురు